నన్నారి ఎక్కడి నుంచి వస్తుంది?



ఈ ప్రశ్న ఏడో తరగతిలో అడిగితే, "సీసాలోంచి మేడమ్!" అని ఒక బాబు ఠక్కున చెప్పాడు. క్లాసంతా నవ్వింది. కానీ సీసాలోకి ఎలా వచ్చిందో ఎవరూ చెప్పలేకపోయారు. అందుకే ఈ నెల పాఠం ఇదే.

రాయలసీమలో నన్నారి షర్బత్‌కు వాడే ముఖ్యమైన వేరు మారేడు కొమ్ము. శివపూజకు వాడే మారేడు చెట్టు వేరు, ఇది వేరు. దీని శాస్త్రీయ నామం డెకాలెపిస్ హామిల్టోనీ. రాళ్లను పట్టుకుని తీగలా పాకే ఈ పొద దక్షిణ భారతదేశంలో తప్ప మరెక్కడా సహజంగా పెరగదు. శేషాచలం లాంటి ఎండు కొండల వాలుల్లో, లోయల్లో, బండల సందుల్లో కనిపిస్తుంది. వానలు లేని నెలలు గడవడానికి లావుపాటి వేళ్లలో నీరు, ఆహారం దాచుకుంటుంది.

ఆ వేళ్ల వాసన వెనిలాను గుర్తుచేస్తుంది. దానికి కారణముంది. వెనిలాకు వాసననిచ్చే వెనిలిన్‌లోనూ, ఈ వేరులోని సుగంధ పదార్థంలోనూ 8 కార్బన్, 8 హైడ్రోజన్, 3 ఆక్సిజన్ పరమాణువులే ఉంటాయి. అమరిక మాత్రమే వేరు. ఇలాంటి వాటిని ఐసోమర్లు అంటారు.

ఇప్పుడు అసలు విషయం. తులసి ఆకులు తుంచితే మళ్లీ చిగురిస్తుంది. మారేడు కొమ్ముల కోసం వేళ్లన్నీ తవ్వేస్తే మొక్కే పోతుంది. కాయ పగలకముందే తవ్వితే గాలికి ఎగిరే విత్తనాలూ ఉండవు. ఇది అంతరించే ప్రమాదంలో ఉందని ఐయూసీఎన్ గుర్తించింది. అలాగని తవ్వేవాళ్లను తప్పుపట్టలేం. కొండ ప్రాంతాల్లో ఎన్నో పేద కుటుంబాలకు అదే కూలి.

ఇంట్లో పిల్లలతో ఇలా చేయండి:

1. షర్బత్ సీసా లేబుల్ చదివించండి. అందులో ఉన్నది వేరు రసమా, ఎసెన్సా?

2. కళ్లు మూసి నన్నారి, వెనిలా వాసనలు పోల్చమనండి.

3. "వేరూ కావాలి, మొక్కా బతకాలి. ఎలా?" అని అడగండి. కొన్ని వేళ్లు వదిలేయడం, పొలంలో పెంచడం వంటి జవాబులు వాళ్లంతట వాళ్లే చెప్పనివ్వండి. నోట్‌బుక్‌లో ఐదు వాక్యాలు రాయించి పంపితే క్లాసులో చర్చిస్తాం.

ఈసారి నిమ్మరసం, సబ్జా గింజలు వేసి నన్నారి కలిపేటప్పుడు, ఆ కొండ గురించి కూడా ఒక్క మాట చెప్పండి.

మీ సైన్స్ టీచర్