తగలబడిన కోర్టు, మిగిలిన నకళ్ళు

క్లయింట్లకు బ్యాకప్ ఎందుకు తీసుకోవాలో నచ్చజెప్పడం మా కన్సల్టెంట్లకు ఎప్పుడూ ఉండే పనే. అలాంటప్పుడు నేను వర్జీనియా రాష్ట్రంలోని బకింగ్‌హామ్ కౌంటీ సంగతి చెబుతుంటాను. ఇది కంప్యూటర్లు పుట్టకముందు జరిగిన కథే. అయినా డేటా గురించి ఇంతకంటే మంచి పాఠం నాకు దొరకలేదు.

ముందుగా కౌంటీ అంటే ఏమిటో చూద్దాం. మన జిల్లా లాంటిదే గానీ చాలా చిన్నది కావచ్చు. పల్లెటూళ్ళతో నిండిన బకింగ్‌హామ్ జనాభా 2020 లెక్కల ప్రకారం సుమారు 17 వేలు. భూముల దస్తావేజులు, వీలునామాలు, పెళ్ళి అనుమతి పత్రాలు కౌంటీ కోర్టులోనే భద్రపరిచేవారు. తాతముత్తాతల వివరాలు కావలసినవారు మొదట వెళ్ళేది అక్కడికే.

బకింగ్‌హామ్ కౌంటీ 1761లో ఏర్పడింది. దాని కోర్టు భవనానికి నమూనా గీసినవాడు థామస్ జెఫర్సన్. 1869లో ఆ భవనం తగలబడింది. నూరేళ్ళ పైచిలుకు కాగితాలు దాదాపు అన్నీ బూడిదయ్యాయి.

మరి అక్కడివారి వంశవృక్షాలు ఎలా తయారుచేస్తున్నారు? వర్జీనియాలో 1782 నుంచి భూమి పన్ను, ఆస్తి పన్ను పుస్తకాలు రాసేవారు. వాటి నకలు ఒకటి రాజధాని రిచ్‌మండ్‌లోని ఆడిటర్‌కు వెళ్ళేది. ఇప్పుడవి లైబ్రరీ ఆఫ్ వర్జీనియాలో ఉన్నాయి. ఏటేటా పన్ను కట్టిన రైతు పేరు మాయమై, అదే పొలం మరొకరి పేర కనిపిస్తే ఏదో జరిగిందన్నమాట: మరణమో, అమ్మకమో, వలసో. డేటాబేసు పోయినప్పుడు లాగ్ ఫైళ్ళు చూసి జరిగింది కూర్చుకోవడం లాంటిదే ఇది.

అయితే రిచ్‌మండ్ కూడా సురక్షితమేమీ కాదు. అంతర్యుద్ధ కాలంలో జేమ్స్ సిటీ వంటి కొన్ని కౌంటీలు తమ అసలు రికార్డులనే భద్రత కోసం అక్కడికి పంపాయి. 1865 ఏప్రిల్‌లో నగరం తగలబడినప్పుడు అవీ పోయాయి. ఉన్న ఒక్క ప్రతినీ చోటు మార్చినంత మాత్రాన అది బ్యాకప్ కాదు!

బ్యాకప్ కూడా తీర్చలేని లోటు ఇంకొకటుంది. 1850, 1860 జనాభా లెక్కల్లో బానిసలను యజమాని పేరు కింద వయసు, లింగం, రంగు మాత్రమే రాసి లెక్కపెట్టారు. సాధారణంగా వారి పేర్లు రాయలేదు. అలా బానిసలుగా ఉన్నవారందరినీ పేరుపేరునా రాసుకున్నది 1870 లెక్కల్లోనే. అసలు ఫీల్డే లేని చోట ఎన్ని కాపీలుంటే ఏం లాభం? నల్లవారి చరిత్రకు పితామహుడనిపించుకున్న కార్టర్ వుడ్‌సన్ 1875లో ఈ కౌంటీలోనే, ఒకప్పుడు బానిసలుగా బతికిన తల్లిదండ్రులకు పుట్టాడు. 1926లో ఆయన మొదలుపెట్టిన చరిత్ర వారోత్సవమే నేటి నల్లవారి చరిత్ర మాసానికి మూలం.

మన ఇళ్ళలోనూ రాయని ఫీల్డులు లేకపోలేదు. తాత ఇంటిపేరు, గోత్రం గడగడా చెప్పేస్తాం. మరి అమ్మమ్మగారి పుట్టింటి పేరు? వాళ్ళమ్మ పేరు? ఈసారి ఇండియాకు ఫోన్ చేసినప్పుడు పెద్దవాళ్ళను అడిగి రాసుకోండి. ఒక ప్రతి మీ కంప్యూటర్లో, ఒకటి వేరే ఊళ్ళో ఉన్న అక్క దగ్గరో తమ్ముడి దగ్గరో, మరొకటి కాగితం మీద ఉంచండి. అడిగితే చెప్పేవాళ్ళు ఉన్నప్పుడే చేయవలసిన పని ఇది.