ఫుడ్ ట్రక్కుకు ఏ కాగితం ఎందుకు?

సైదాబాద్ నుంచి ఈ మధ్య ఒక కుర్రాడు సలహా కోసం వచ్చాడు. పాత టాటా ఏస్ కొన్నాడు. వెనక డబ్బా కట్టించి, పక్క రేకు పైకి లేచేలా చేయించి, లోపల పొయ్యి, పెనం, నీళ్ల ట్యాంకు అమర్చుకున్నాడు. పొద్దున చంపాపేట దారిలో ఇడ్లీ, దోసె. సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల దగ్గర నూడుల్స్. ఆలోచన బాగానే ఉంది. "సార్, ఫుడ్ ట్రక్ లైసెన్సుకు ఏజెంటు పాతిక వేలు అడుగుతుండు. ఇయ్యాల్నా?" అన్నాడు. వద్దన్నాను. ఆ పేరుతో లైసెన్సు ఒకటుంటే కదా, దానికి డబ్బు కట్టడానికి!

ఒక్క కిటికీ దగ్గర ఒక్క కాగితం తీసుకుంటే అయిపోయే పని కాదిది. అదే బండి ఆర్టీఏకు మార్పులు చేసిన వాహనం, ఫుడ్ సేఫ్టీ అధికారికి వంటగది, మున్సిపాలిటీకీ పోలీసులకూ రోడ్డు మీద చోటు పట్టుకున్న సరుకు. ఎవరి చట్టం వారిది. ఒకరిచ్చిన కాగితం ఇంకొకరి దగ్గర చెల్లదు. ఏజెంట్లు సాధారణంగా చేసేది ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ తీసి, లామినేషన్ చేయించి చేతిలో పెట్టడం. ట్రాఫిక్ ఎస్సై వచ్చి బండి తీయమన్నప్పుడు మనవాళ్లు దాన్నే చూపిస్తారు. పాపం, అందులో రోడ్డు గురించి ఒక్క మాట కూడా ఉండదు.

ముందు వాహనం సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో రాసిన వివరాలతో పొసగని మార్పు ఏదీ అనుమతి లేకుండా చేయకూడదు. సరుకు రవాణా బండిని వంటగదిగా మార్చడం సరిగ్గా అలాంటి మార్పే. అనుమతి లేకుండా చేస్తే 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. సైదాబాద్ వాళ్లకు మలక్‌పేట ఆర్టీఏ దగ్గరే. వెల్డింగ్ షాపుకు అడ్వాన్స్ ఇవ్వకముందే అక్కడికి వెళ్లి నమూనా చూపించి అడగండి. మొబైల్ క్యాంటీన్‌ను రవాణా వాహనంగానే లెక్కిస్తారు కాబట్టి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కూడా ఉండాలి. ఇదంతా చాదస్తం అనిపించవచ్చు. కానీ ప్రమాదం జరిగిన రోజున బీమా కంపెనీ మొదట అడిగేది ఆర్‌సీనే.

గ్యాస్ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఇంటికిచ్చే 14.2 కిలోల ఎర్ర సిలిండర్ వ్యాపారానికి వాడకూడదు. 19 కిలోల కమర్షియల్ సిలిండరే తీసుకోవాలి. పట్టుబడితే నిత్యావసర వస్తువుల చట్టం కింద కేసు పెట్టవచ్చు.

వంటగది కాగితం అన్నిటికన్నా సులువు. 2006 నాటి ఆహార భద్రతా చట్టం 31వ సెక్షన్ హాకర్లకు, తిరుగుతూ అమ్మేవాళ్లకు లైసెన్సు అక్కర్లేదంది. రిజిస్ట్రేషన్ ఉంటే చాలు. 2011 నిబంధనలు దీనికి గీసిన గీత ఏడాదికి 12 లక్షల టర్నోవర్, పెట్టిన రుసుము ఏడాదికి 100 రూపాయలు. ఈ అంకెలను కేంద్రం మారుస్తూ ఉంటుంది కాబట్టి దరఖాస్తు రోజున ఫోస్కోస్ పోర్టల్‌లో ఏముంటే అదే లెక్క. పాతిక వేలకూ ఆ వందకూ ఎంత దూరమో మీరే చూసుకోండి. అదే నిబంధనల్లో గడువు కూడా ఉంది. దరఖాస్తు అందిన 7 రోజుల్లో రిజిస్ట్రేషన్ ఇవ్వాలి, లేదంటే కారణం రాసి కాదనాలి, అదీ కాకుంటే తనిఖీకి నోటీసు ఇవ్వాలి. కార్డు చేతికొచ్చాక బండి మీద కనబడేలా తగిలించాలి. శుభ్రమైన నీళ్లు, మూత ఉన్న చెత్తబుట్ట, మురికి కాలువకు దూరం లాంటివి చెప్పక్కర్లేదనుకుంటాను. అయితే పచ్చి గుడ్డు మయోనైజ్ మాట మాత్రం చెప్పాలి. బంజారాహిల్స్‌లో మోమోలు తిని చాలామంది ఆసుపత్రి పాలై, ఒక మహిళ చనిపోయాక, రాష్ట్ర ప్రభుత్వం 2024 అక్టోబర్ 30న దాన్ని ఏడాది పాటు నిషేధించింది. ఇలాంటి ఉత్తర్వులు పెద్ద హోటల్‌కు ఎంతో టాటా ఏస్ బండికీ అంతే.

ఇక రోడ్డు. అసలు పంచాయితీ ఇక్కడే.

2024 జనవరి చివర్లో కుమారి ఆంటీ సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. ఐటీసీ కోహినూర్ హోటల్ దగ్గర ఆమె భోజనం బండికి సోషల్ మీడియా పుణ్యమా అని జనం పోటెత్తారు. ట్రాఫిక్ ఆగిపోతోందని పోలీసులు కేసు పెట్టి బండి తీయించారు. మర్నాడే ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి జోక్యం చేసుకుని, ఆమెను అక్కడే అమ్ముకోనివ్వాలని అధికారులకు చెప్పారు. ఊరంతా సంతోషించింది, నేనూ సంతోషించాను. కానీ ఆమెకు వీధిలో అమ్ముకునే అనుమతి పత్రం, అంటే వెండింగ్ సర్టిఫికెట్ ఉందా, ఆ చోటు ఏ జోన్ కిందికి వస్తుంది అని టీవీ చర్చల్లో అడిగినవాళ్లు నాకు కనబడలేదు. సైదాబాద్ మెయిన్ రోడ్డు మీద మిర్చీ బజ్జీలు వేసే ఆమె కోసం ఏ ముఖ్యమంత్రీ ఫోన్ చేయడు. ఆమెకు చట్టమే దిక్కు. ఆ చట్టం 2014 మే 1 నుంచి అమల్లో ఉంది కూడా.

దాని పేరు వీధి వ్యాపారుల జీవనోపాధి రక్షణ, వీధి వ్యాపార నియంత్రణ చట్టం. రోడ్డు పక్క గుడారం వేసుకున్నవాళ్లతో పాటు, చోటు మారుతూ అమ్మేవాళ్లనూ ఇది వీధి వ్యాపారులనే అంటుంది. ఫుడ్ ట్రక్ నడిపే మనిషికి చోటున్నది అక్కడే. షరతులు కూడా ఉన్నాయి. 14 ఏళ్లు నిండాలి. వ్యాపారం తానో, ఇంట్లోవాళ్లో చేయాలి. వేరే జీవనాధారం ఉండకూడదు. సర్టిఫికెట్‌ను అద్దెకివ్వడం, అమ్ముకోవడం కుదరదు. జీతగాళ్లను పెట్టి నాలుగు ట్రక్కులు తిప్పే కంపెనీకి ఈ గొడుగు లేదు. ఉద్యోగం చేస్తూ సాయంత్రం సరదాగా ట్రక్ పెట్టే సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌కూ లేదు.

సర్టిఫికెట్ ఇచ్చేది టౌన్ వెండింగ్ కమిటీ. మున్సిపల్ కమిషనర్ దానికి అధ్యక్షుడు. సభ్యుల్లో కనీసం 40 శాతం వీధి వ్యాపారులే ఉండాలి, వారిలో మూడో వంతు మహిళలు. ఐదేళ్లకోసారైనా సర్వే చేయాలి. ఆ సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా, అప్పటికే అమ్ముకుంటున్నవాళ్లను లేపకూడదని 3వ సెక్షన్ చెబుతుంది. పాతకాలం నుంచి జనం కొనడానికి గుమికూడే చోటును సహజ మార్కెట్ అంటారు. మాదన్నపేట మండీ చుట్టుపక్కల దారులను తలచుకోండి, అలాంటి చోటన్నమాట. సర్వేలో గుర్తించిన సహజ మార్కెట్‌ను అమ్మకాలు నిషేధించిన జోన్‌గా ప్రకటించడానికి వీల్లేదు.

మన కుర్రాడి సంగతి వేరు. అతను సర్వే నాటికి రోడ్డు మీద లేడు. రెండు సర్వేల మధ్య కొత్తగా వచ్చేవాళ్లు 4వ సెక్షన్ కింద దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ జోన్‌లో ఖాళీ ఉంటే ఇస్తారు. అడిగేవాళ్లు ఎక్కువైతే లాటరీ తీసి, మిగిలినవాళ్లకు పక్క జోన్‌లో చోటు చూపాలి. మున్సిపల్ సర్కిల్ ఆఫీసులో వీధి వ్యాపారుల పని చూసే యూసీడీ విభాగం ఎక్కడుందో కనుక్కుని, దరఖాస్తు ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. ముద్ర లేని దరఖాస్తు ఇచ్చినా ఇవ్వనట్టే. నెలల తరబడి జవాబు రాకపోతే 10 రూపాయలతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి: మా జోన్ వెండింగ్ ప్రణాళిక ఏది, ఎన్ని సర్టిఫికెట్లు ఇచ్చారు, కమిటీ చివరి సమావేశం ఎప్పుడు జరిగింది? 30 రోజుల్లో జవాబివ్వాలి. జవాబు లేకపోవడం కూడా రేపు హైకోర్టులో మీకు ఒక ఆధారమే.

ఇంకొక చిక్కు మన ప్రాంతానికే ప్రత్యేకం. సైదాబాద్ హైదరాబాద్ జిల్లాలో ఉంది. దిల్‌సుఖ్‌నగర్ దాటి సరూర్‌నగర్, ఎల్బీనగర్ వైపు వెళ్తే రంగారెడ్డి జిల్లా. మనకు అది పది నిమిషాల దారి, ఆఫీసులకు వేరే రాజ్యం. సర్టిఫికెట్ మీద ఏ జోన్ రాసి ఉంటే హక్కు అక్కడే. పొద్దున చంపాపేట, సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ అన్న ఆలోచన ఒక్క సర్టిఫికెట్‌తో సాగదని కుర్రాడికి చెబితే కాస్త డీలాపడ్డాడు.

సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు ఉన్న బలం చిన్నది కాదు. 30 రోజుల నోటీసు లేకుండా ఆ చోటు నుంచి తీసేయకూడదు. షరతుల ప్రకారం అమ్ముకుంటున్నవాళ్లను పోలీసులతో సహా ఎవరూ అడ్డుకోకూడదని 27వ సెక్షన్ స్పష్టంగా అంటుంది. వేరే చట్టంలో ఏమున్నా ఈ చట్టానిదే పైచేయి అని 33వ సెక్షన్ చెబుతుంది. నోటీసు గడువు దాటినా కదలకపోతే జప్తు చేయవచ్చు. అప్పుడు కూడా వస్తువుల జాబితా రాసి, సంతకం చేసిన నకలు మీకివ్వాలి. రుసుము కట్టి అడిగితే పాడైపోయే సరుకు అదే రోజు, మిగతావి రెండు పనిదినాల్లో తిరిగి ఇవ్వాలి. లారీలో గ్యాస్ పొయ్యి, పెనం పడేసుకుని పోతుంటే వెనక పరిగెత్తి బతిమాలడం మనకు అలవాటు. బతిమాలకండి. జాబితా అడగండి, ఫోన్‌లో ఫొటో తీయండి.

సర్టిఫికెట్ లేదనుకోండి. రోడ్డుకు అడ్డంగా ఉంటే భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షన్ కింద 5,000 రూపాయల వరకు జరిమానా పడవచ్చు. రోడ్డు మీది అడ్డంకులు తీసేయడానికి ట్రాఫిక్ పోలీసులు 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన ఆపరేషన్ రోప్ లాంటి డ్రైవ్‌లలో మొదట కదిలేదీ ఇలాంటి బండ్లే. ఇక్కడ పోలీసులనే తప్పుపట్టను. సైదాబాద్ నుంచి ఐఎస్ సదన్ దాకా సాయంత్రం బస్సులో వచ్చినవాళ్లెవరూ తప్పుపట్టలేరు. ఫుట్‌పాత్ మీద నడిచే ముసలాయనకూ హక్కుంది.

మామూళ్ల మాట ఎత్తకుండా ముగిస్తే నన్ను నమ్మరు. సర్టిఫికెట్ లేని బండే మామూళ్లకు మేత. ఇవ్వక తప్పని పరిస్థితిలో ఇచ్చినవాళ్లు 7 రోజుల్లో ఫిర్యాదు చేస్తే వారిపై కేసు ఉండదని అవినీతి నిరోధక చట్టానికి చేసిన 2018 సవరణ చెబుతోంది. ఏసీబీ ఉచిత నంబరు 1064.

ఇంతా విన్నాక కుర్రాడు అడిగిన ప్రశ్న నాకు నచ్చింది: "మా మేనమామ ఖాళీ ప్లాటుంది సార్, అండ్ల పెట్టుకుంటే?" పెట్టుకోవచ్చు. రోడ్డు గొడవ చాలావరకు తప్పుతుంది. మేనమామే అయినా అద్దె ఒప్పందం రాసుకో, మున్సిపల్ ట్రేడ్ లైసెన్సు తీసుకో, కొనేవాళ్ల బైకులు రోడ్డు మీదికి రాకుండా చూసుకో అన్నాను. వాహనం, ఫుడ్ సేఫ్టీ కాగితాలు ఎలాగూ కావాలి.

లాయర్‌కు ఫీజు ఇచ్చుకోలేనివాళ్లు ఆగిపోవద్దు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంటుంది. సైదాబాద్ వాళ్లు పురానీ హవేలీలోని సిటీ సివిల్ కోర్టు న్యాయ సేవాధికార సంస్థకు, సరూర్‌నగర్, ఎల్బీనగర్ వాళ్లు ఎల్బీనగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టుల ప్రాంగణానికి వెళ్లండి. వెళ్లలేకపోతే 15100కు ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు ముద్ర వేయించుకున్న ఆ దరఖాస్తు నకలు మాత్రం మరిచిపోవద్దు.