ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ... పరీక్షలో ఇంగ్లిష్ పదాలు

నాందేడ్‌లో బారావీ (పన్నెండో తరగతి) సైన్స్ అంటే చాలా ఇళ్లలో నీట్ అనే అర్థం. నీట్‌లో ఇంగ్లిష్ విభాగం లేదు కాబట్టి ఆ పుస్తకం రెండేళ్లు అటకెక్కుతుంది. తర్వాత మనసు మార్చుకుని సీయూఈటీ, క్లాట్, ఎన్‌డీఏ వైపు చూసినప్పుడు చిక్కొచ్చి పడుతుంది. ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ తాలూకాల తెలుగు పిల్లలకైతే బెంగ ఇంకాస్త ఎక్కువ. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో హిందీ... ఇంగ్లిష్ పదాలకు చోటెక్కడ? నిజానికి ఆ మూడు భాషలే మీ పెట్టుబడి.

ఏ పరీక్షలో ఎంత?

సీయూఈటీ యూజీ 2025 ఇంగ్లిష్ పేపర్‌లో 50 ప్రశ్నలు, 60 నిమిషాలు. ఒప్పుకు 5 మార్కులు, తప్పుకు మైనస్ 1. సమానార్థకాలు, వ్యతిరేకార్థకాలు నేరుగా అడుగుతారు. ఎన్‌డీఏ రాతపరీక్ష 900 మార్కుల్లో ఇంగ్లిష్‌కు 200. క్లాట్ తీరు వేరు: సుమారు 450 పదాల గద్యభాగం ఇచ్చి, అందులో ఫలానా మాటకు అక్కడ ఏ అర్థమో పట్టుకోమంటారు. కాబట్టి పదాల జాబితా బట్టీపడితే ఒక పరీక్షకు కొంత పనికొస్తుంది, మరోదానికి అసలు చాలదు.

పదాల వేళ్లు పట్టుకోండి

సంస్కృతం, లాటిన్, గ్రీకు ఒకే భాషా కుటుంబానివి. తెలుగు ఆ కుటుంబానిది కాకపోయినా సంస్కృత పదాలను విరివిగా తెచ్చుకుంది. మరాఠీ సంగతి చెప్పనక్కర్లేదు. మన ‘నవ’కు చుట్టం లాటిన్ ‘నోవ్’: రినోవేట్ అంటే కొత్తగా చేయడం, నోవిస్ అంటే పనికి కొత్తవాడు. ‘జన్’కు చుట్టం ‘జెన్’: ప్రోజెనీ అంటే సంతానం, ఇండిజినస్ అంటే ఆ నేలమీదే పుట్టినది. ‘మృత’కు చుట్టం ‘మోర్ట్’: ఇమ్మోర్టల్, అమృతం ఒకే పోతలో పోసిన మాటలు. గ్రీకు నుంచి వచ్చిన అనానిమస్‌ను విడదీసి చూస్తే మన ‘అనామక’మే కనిపిస్తుంది.

అయితే వేరును గుడ్డిగా నమ్మకూడదు. ఇన్‌వాల్యుబుల్ అంటే విలువ లేనిది కాదు, వెలకట్టలేనిది. ఇన్‌ఫేమస్ అంటే పేరు లేనివాడు కాదు, చెడ్డపేరు మోసినవాడు. వ్యతిరేకార్థకాల ప్రశ్నల్లో తొందరపడేవాళ్లు జారిపడేది ఇలాంటి చోటే.

కాదంబరి పాఠం

మరాఠీ బడిలో కాదంబరి అంటే నవల. అదే హిందీలో ఉపన్యాస్. ఇంటికొచ్చి తెలుగులో ఉపన్యాసం అంటే మాత్రం ప్రసంగం. ఈ మాటల దగ్గర మీరు తికమకపడరు. ఎవరు, ఏ సందర్భంలో అంటున్నారో చూసి అర్థం తీసుకుంటారు. క్లాట్ పరీక్షించేది సరిగ్గా ఈ నేర్పునే. బడ్జెట్ వార్తలో సాంక్షన్ అంటే మంజూరు, విదేశాంగ వార్తలో సాంక్షన్స్ అంటే ఆంక్షలు. ఒకే మాటకు దాదాపు ఎదురెదురు అర్థాలు! అందుకే ఏ పదాన్నీ ఒంటరిగా రాసుకోకండి, వాక్యంతో సహా రాసుకోండి.

రోజువారీ పద్ధతి

• రోజుకు ఎనిమిది పదాలు చాలు. నెలలో పాతిక రోజులు చేసినా రెండు వందలవుతాయి.
• నోట్‌బుక్‌లో నాలుగు గడులు గీయండి: పదం, అది కనిపించిన వాక్యం, దాని వేరు, ఇంట్లో వాడే దగ్గరి మాట. నాలుగోది తెలుగైనా మరాఠీయైనా సరే.
• ఇంగ్లిష్ పత్రికలో రోజుకో సంపాదకీయం చదవండి. తెలియని మాట ఎదురైతే ముందు ఊహించి, తర్వాతే నిఘంటువు తెరవండి.
• మర్నాడు, మూడోరోజు, వారానికి, నెలకు మళ్లీ చూడండి. అర్థాన్ని చేత్తో మూసి గుర్తుచేసుకోవాలి, ఊరికే చదివితే నిలవదు. ధర్మాబాద్ నుంచి రైల్లో నాందేడ్ వచ్చేవాళ్లకు ఆ ప్రయాణమే ఇందుకు సరిపోతుంది.
• సీయూఈటీలో నాలుగు ఆప్షన్లలో రెండింటిని కొట్టేయగలిగితే జవాబు పెట్టడమే లాభం. అలాంటివి రెండు పెట్టి ఒకటి తప్పినా నికరంగా 4 మార్కులు మిగులుతాయి.
• మార్కుల విధానం మారవచ్చు. దరఖాస్తుకు ముందు ఆ ఏటి నోటిఫికేషన్ తప్పక చూసుకోండి.

నెలాఖరున నోట్‌బుక్ తిరగేసి నాలుగో గడి మాత్రమే చూడండి. అది ఖాళీగా ఉన్న పదాన్ని మీరు రాసుకున్నారే గానీ, ఇంకా ఇంటికి తెచ్చుకోలేదు. వచ్చే నెల వాటితోనే మొదలుపెట్టండి.