రొయ్య మేత చప్పుడులో ఓ కెరీర్

"ఆడియో ప్రోగ్రామింగా? అది బెంగళూరు వాళ్లకి. సంగీతం వచ్చినవాళ్లకి. మనకెక్కడ?" ఈ మాట ఇవాళ్టితో ఆపేయండి. తాడేపల్లిగూడెం నిట్‌లో ఈసీఈ చదువుతున్నా, ఏలూరులో డిగ్రీ పూర్తిచేసి ఇంట్లో ఖాళీగా ఉన్నా ఫర్వాలేదు. ఓ ల్యాప్‌టాప్, ఇయర్‌ఫోన్స్, రోజుకో గంట. మొదలుపెట్టడానికి ఇవి చాలు.

ముందు పనేంటో తెలుసుకోండి. పాటలు మిక్స్ చేయడం కాదు. శబ్దాన్ని అంకెలుగా అందుకుని, మార్చి, తిరిగి స్పీకర్‌కి పంపే కోడ్ రాయడం. ఫోన్ కాల్‌లో ఎకో పోయినా, గేమ్‌లో వెనకనుంచి అడుగుల చప్పుడు వచ్చినా, ఎవరో కూర్చుని రాసిందే.

ఇక అసలు కిటుకు. సెకనుకి 48,000 శాంపిల్స్ వస్తున్నాయి. బఫర్‌కి 512. అంటే మీ కోడ్‌కి దక్కేది సుమారు 10.7 మిల్లీసెకన్లు. కాలువ నీటి వంతు లాంటిదే: టైమ్ అయిపోతే అయిపోయినట్టే. ఆలస్యమైతే స్పీకర్ టప్పుమంటుంది. అందుకే ఆడియో కాల్‌బ్యాక్‌లో (ప్రతి బఫర్‌కీ సిస్టమ్ పిలిచే మీ ఫంక్షన్‌లో) మూడు పనులు చేయకూడదు:

- కొత్తగా మెమరీ అడగడం
- లాక్ కోసం ఆగడం
- ఫైల్ తెరవడం

ఈ మూడూ గోడమీద రాసిపెట్టుకోండి. మామూలు యాప్ డెవలపర్‌కీ మీకూ తేడా ఇక్కడే మొదలవుతుంది.

నేర్చుకోవడం ఎలా? పైథాన్‌తో మొదలుపెట్టండి, సీ ప్లస్ ప్లస్‌కి వెళ్లండి. రెండోది తప్పదు, బేరాలొద్దు. స్టీవెన్ స్మిత్ రాసిన డీఎస్‌పీ (డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్) పుస్తకం నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఆ తర్వాత జ్యూస్ (JUCE) అనే ఆడియో ఫ్రేమ్‌వర్క్‌లో ఓ చిన్న ప్లగిన్ రాయండి. ఫిల్టర్‌ని లైబ్రరీ నుంచి తెచ్చుకోకండి, ఒక్కసారైనా మీ చేత్తో రాయండి. కోర్సుల సర్టిఫికెట్లు పోగేసే అలవాటుంటే మానేయండి. వారం చివర మీ కోడ్ నుంచి ఏదో ఒక శబ్దం బయటికి రావాలి. వినిపించకపోతే ఆ వారం లెక్కలోకి రాదు.

ప్రాజెక్ట్ ఐడియా కోసం యూట్యూబ్ తిరగొద్దు. కైకలూరు వైపు వెళ్లండి. కొల్లేరు చుట్టుపక్కల ఎటు చూసినా చెరువులే. రొయ్యల సాగు ఖర్చులో పెద్ద వాటా మేతదే. రొయ్యలు తిన్నాయో లేదో తెలియాలంటే రైతు చెక్ ట్రే పైకి తీసి చూడాలి. మిగిలిన మేత డబ్బు దండగ, నీళ్లు పాడు. కానీ రొయ్య మేస్తుంటే దాని దవడలు టిక్ టిక్‌మంటాయి. ఆ చప్పుడుని నీళ్లలోని హైడ్రోఫోన్‌తో విని, ఆకలిని బట్టి మేత వేసే యంత్రాలు ఇప్పటికే ఉన్నాయి. టాస్మానియాలోని ఏక్యూ వన్ సిస్టమ్స్ చేస్తున్న పని ఇదే. ఎక్కడి టాస్మానియా, ఎక్కడి మన వనామీ రొయ్య! చెరువులు మన ముంగిట్లో ఉంటే వినే కోడ్ వాళ్లు రాశారు.

మీరూ రాయండి. ముందు సొంత హైడ్రోఫోన్: పీజో డిస్క్‌కి తీగ అతికించి, తడి తగలకుండా ఎపాక్సీతో మూసేయండి. చిన్న ప్రీఆంప్ తగిలించండి. తెలిసిన రైతుని అడిగి చెరువులో దించండి. (ఏరియేటర్ కరెంటు తీగలకి దూరంగా!) ముందు ఏరియేటర్ హోరే వినిపిస్తుంది. నిరుత్సాహపడకండి, మీ అసలు సిలబస్ అదే. స్పెక్ట్రోగ్రామ్ తీయండి. హై పాస్ ఫిల్టర్ వేయండి. టిక్కులు లెక్కపెట్టే కోడ్ రాయండి. మేత వేయకముందు ఎన్ని, వేశాక ఎన్ని? ఆ ఒక్క గ్రాఫ్ మీ రెజ్యూమెలో పది లైన్లకు సమానం.

లెక్కలంటే భయమా? ఐఐఐటీ హైదరాబాద్‌లో స్పీచ్ పరిశోధనకి పెద్ద దిక్కైన బి. యజ్ఞనారాయణ, కె. శ్రీరామమూర్తితో కలిసి 2008లో ఓ పద్ధతి ప్రచురించారు: జీరో ఫ్రీక్వెన్సీ ఫిల్టరింగ్. మాట్లాడేటప్పుడు స్వరతంత్రులు మూసుకునే క్షణాల్ని అది పట్టుకుంటుంది. ఎంత లోతైన ఆలోచనో! కోడ్‌గా రాస్తే మాత్రం కొద్ది లైన్లే. ఈ నెలలో దాన్ని మీ గొంతుమీద నడిపి చూడండి. ఇలాంటి పరిశోధనని అర్థం చేసుకుని కోడ్ చేసినవాడికి ఇంటర్వ్యూలో మాటలకి కరువుండదు.

ఇక ఉద్యోగాల వేట. "ఆడియో ప్రోగ్రామర్" అని వెతికితే అరుదుగా కనిపిస్తాయి. "డీఎస్‌పీ ఇంజినీర్", "ఎంబెడెడ్ ఆడియో", "స్పీచ్" అని వెతకండి. హైదరాబాద్‌లో క్వాల్‌కామ్, బెంగళూరులో డాల్బీ, హర్మాన్ లాంటి కంపెనీల కెరీర్ పేజీలు వారానికోసారి చూడండి. మెయిల్‌లో ఆత్మకథ వద్దు. గిట్‌హబ్ లింకు, పక్కనే ముప్పై సెకన్ల క్లిప్: మీ ఫిల్టర్ పడకముందు చెరువు, పడ్డాక చెరువు. జవాబు రాకపోతే రెండు వారాలకి మళ్లీ రాయండి, ఈసారి కొత్త క్లిప్‌తో.