ఔట్‌బోర్డ్ బోటుకి ఏ పిచ్ ప్రాపెల్లర్ వెయ్యాలి? ఫోన్‌తో మనమే టెస్ట్ చేసుకుందాం

ఫోన్ రివ్యూల్లో ఎప్పుడూ చెప్పుకునే మాటే. బెంచ్‌మార్క్ స్కోర్ చూసి ఫోన్ కొనకండి, అరగంట గేమ్ ఆడాక ఎలా ఉందో చూసి కొనండి అని. ఈసారి అదే మాట పడవ మోటారు గురించి చెప్పబోతున్నా. ఖాళీ బోటు స్పీడు బెంచ్‌మార్క్ లాంటిది. జనం ఎక్కాక వచ్చే స్పీడే అసలు పెర్ఫార్మెన్స్. ఈ రెండింటి మధ్య తేడా తెచ్చేవాటిలో ముఖ్యమైనది ప్రాపెల్లర్ పిచ్.

మాది కోనసీమ. ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమి, వసిష్ఠలుగా చీలుతుంది, వసిష్ఠ నుంచి మళ్ళీ వైనతేయ విడిపోతుంది. ఈ పాయల మధ్య లంక ఊళ్ళకి వరదొస్తే పడవే దిక్కు. 2022 జులైలో ధవళేశ్వరం బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్ళు వదిలారు. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేదే 17 లక్షల దగ్గర, దాన్నిబట్టి ఆలోచించండి. అప్పుడు మా మావయ్య ఫైబర్ బోటులో ఆరుగురం ఎక్కాం. మోటారు 25 హెచ్‌పీ, థ్రాటిల్ ఫుల్లు. అయినా ఏటికి ఎదురు బోటు కదలనంటోంది, మోటారు మూలుగుతోంది. చివరికి వెనక్కి తిప్పి ఓ కొబ్బరితోటలో చెట్టుకి తాడు కట్టుకున్నాం.

“ఖాళీగా ఉంటే గుర్రంలా ఎగురుద్దిరా, మనుషులెక్కితే గేదెలా ముక్కుద్ది” అన్నాడు మావయ్య. మోటారు పాడైందనుకున్నాం. కాదు. ఫ్యాను తప్పు.

పిచ్ అంటే ఏంటి?

ప్రాపెల్లర్ మీద 10 × 13 లాంటి నంబర్ ఉంటుంది. మొదటిది వ్యాసం, రెండోది పిచ్, రెండూ అంగుళాల్లోనే. పిచ్ 13 అంటే, ఫ్యాను ఒక్క చుట్టు తిరిగితే లెక్క ప్రకారం 13 అంగుళాలు ముందుకెళ్ళాలి, చెక్కలోకి స్క్రూ దిగినట్టు. నీళ్ళు చెక్క కాదు కాబట్టి అంత వెళ్ళదు. ఆ తరుగునే స్లిప్ అంటారు.

బైక్ గేర్లతో పోల్చుకుంటే సులువు. ఎక్కువ పిచ్ టాప్ గేర్ లాంటిది, ఖాళీ రోడ్డు మీద బాగుంటుంది. తక్కువ పిచ్ సెకండ్ గేర్ లాంటిది, లోడుతో బ్రిడ్జి ఎక్కడానికి పనికొస్తుంది. అయితే ఈ మోటారుకి మార్చుకునే గేర్లు లేవు, ముందుకి ఒకటే. అందుకే ఆ ఒక్కటి సరిగ్గా ఎంచుకోవాలి.

ఎంచుకోవడానికి ఆధారం స్పీడు కాదండి, ఆర్‌పీఎం. ప్రతి మోటారు మాన్యువల్‌లోనూ ఫుల్ థ్రాటిల్‌లో ఎంత ఆర్‌పీఎం మధ్య తిరగాలో రాసుంటుంది. మా మోటారుకి 5,000 నుంచి 6,000. అంతకంటే తగ్గితే పిచ్ ఎక్కువైందని అర్థం: మోటారు ముక్కుతుంది, వేడెక్కుతుంది, మసి పడుతుంది, పిస్టన్ల ఆయుష్షు తగ్గుతుంది. పైకి పోతే పిచ్ తక్కువైందని: మోటారు ఊరికే గింగిరాలు తిరుగుతుంది. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే సుమారు 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుంది, పెంచితే అంతే తగ్గుతుంది. గుర్తుపెట్టుకోవాల్సిన సూత్రం ఇదొక్కటే.

ఫోనే మన మీటర్

స్పీడుకి ఏదైనా జీపీఎస్ స్పీడోమీటర్ యాప్ చాలు. ఎల్1, ఎల్5 డ్యూయల్ ఫ్రీక్వెన్సీ ఉన్న ఫోనే కావాలా అని అడుగుతారు. అక్కర్లేదు. అది బాగా ఉపయోగపడేది సిగ్నల్ గోడలకి తగిలి తిరిగొచ్చే సిటీ సందుల్లో. ఏటి మధ్యలో ఆకాశమంతా మనదే.

చాలా చిన్న మోటార్లకి ఆర్‌పీఎం మీటర్ ఉండదు. ప్లగ్ వైరుకి చుట్టుకునే చిన్న డిజిటల్ టాకోమీటర్ దొరుకుతుంది, అది మంచి దారి. అది లేకపోతే ఫోన్ మైకు ఉందిగా! ఆడియో స్పెక్ట్రమ్ యాప్ తెరిచి మోటారు చప్పుడు వినిపించండి. రెండు సిలిండర్ల టూ స్ట్రోక్ మోటారులో ఒక చుట్టుకి రెండుసార్లు పేలుడు జరుగుతుంది. కాబట్టి యాప్‌లో కనిపించే హెర్ట్జ్‌ని 30తో గుణిస్తే ఆర్‌పీఎం వస్తుంది. 153 హెర్ట్జ్ అంటే దాదాపు 4,600. రెండు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్‌లో రెండు పేలుళ్ళూ సమాన దూరంలో ఉంటే 60తో గుణించాలి. ఒక జాగ్రత్త: 153 పక్కన 306 దగ్గర కూడా గీత లేస్తుంది. అది దాని రెట్టింపే, కంగారు పడకండి. గాలి మైకుకి కొట్టకుండా పల్చటి గుడ్డ అడ్డం పెట్టండి.

ఐపీ68 ఉంది కదా అని ఫోన్ తడిపేయకండి. ఆ రేటింగ్ మంచినీళ్ళ టెస్టు. ఓడలరేవు వైపు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. పౌచ్‌లో పెట్టి మెడలో వేసుకోండి.

మా టెస్టు, మా లెక్కలు

వరద తగ్గి ఏరు నెమ్మదించాక చేశాం. ముందు ఫ్యానుకి చుట్టుకున్న వల దారాలు, గుర్రపుడెక్క తీసేశాం, బోటులో నీళ్ళు తోడేశాం, ప్లగ్గులు తుడిచాం. ఇవి చెయ్యకుండా పిచ్ మీద నింద వెయ్యకూడదు. లోడు కోసం మనుషుల్ని కాకుండా 50 కిలోల ఇసుక బస్తాలు 8 కదలకుండా కింద సర్దాం. మేమిద్దరం లైఫ్ జాకెట్లు వేసుకున్నాం, మోటారు ఆపే కిల్ స్విచ్ తాడు మావయ్య చేతికి కట్టాం.

ప్రతిసారీ ఏటివాలుకి ఒకసారి, ఎదురు ఒకసారి వెళ్ళి సగటు తీశాం. ఉదాహరణకి లోడుతో వాలుకి 31, ఎదురు 23 వచ్చింది, సగటు 27. ఒకవైపే వెళ్తే ఏరు స్పీడు కూడా మోటారు ఖాతాలో పడిపోతుంది. సముద్రం దగ్గర ఆటుపోట్లకి ప్రవాహం మారిపోతుంది కాబట్టి రెండు రన్నులూ వెంటవెంటనే చెయ్యాలి.

లెక్క ఇది: ఆర్‌పీఎంని గేర్ రేషియోతో భాగించి, పిచ్‌తో, 0.001524తో గుణిస్తే గంటకి ఎన్ని కిలోమీటర్లు వెళ్ళాలో వస్తుంది. మా గేర్ రేషియో 2.08.

పిచ్ 13, ఖాళీ: 5,500 ఆర్‌పీఎం. లెక్కలో 52.4, జీపీఎస్‌లో 41. స్లిప్ 22 శాతం.

పిచ్ 13, లోడు: 4,600 ఆర్‌పీఎం. లెక్కలో 43.8, జీపీఎస్‌లో 27. స్లిప్ 38 శాతం.

దొంగ దొరికాడు. ఖాళీగా అంతా బాగానే ఉంది, లోడు పడగానే 5,000 కంటే 400 కిందకి జారిపోయింది. రెండు అంగుళాలు తగ్గిస్తే 300 నుంచి 400 పెరగాలి. తెలిసినవాళ్ళ దగ్గర 11 పిచ్ ఫ్యాను అడిగి తెచ్చి వేశాం.

పిచ్ 11, లోడు: 5,000 ఆర్‌పీఎం. లెక్కలో 40.3, జీపీఎస్‌లో 30. స్లిప్ 26 శాతం.

పిచ్ 11, ఖాళీ: 5,900 ఆర్‌పీఎం. లెక్కలో 47.6, జీపీఎస్‌లో 38. స్లిప్ 20 శాతం.

ఖాళీగా 3 కిలోమీటర్లు పోయాయి, లోడుతో 3 వచ్చాయి. మరి 10 పిచ్ ఎందుకు వద్దు? లోడుకి ఇంకా హాయే, కానీ ఖాళీగా వచ్చేటప్పుడు 6,000 దాటేస్తుంది. అందుకే మాకు 11.

3 కిలోమీటర్లకి ఇంత హడావుడా?

ఏరు గంటకి 12 కిలోమీటర్లతో ఎదురొస్తోందనుకోండి. 27 వెళ్ళే బోటు ఒడ్డు లెక్కలో 15 మాత్రమే వెళ్తుంది, 30 వెళ్ళేది 18 వెళ్తుంది. అంటే 20 శాతం ఎక్కువ. ఏరు ఎంత ఉరకలేస్తే ఆ తేడా అంత పెరుగుతుంది. పైగా ముక్కుతున్న మోటారు నడి ఏట్లో ఆగిపోతే చేతిలో ఏమీ ఉండదు.

మీ ఇంట్లో బోటు ఉంటే వేసవిలోనే ఈ టెస్టు చేసి, మీ రీడింగులు మోటారు మూత లోపల మార్కర్‌తో రాసి పెట్టండి. పాత ఫ్యాను పారెయ్యకండి, స్పేర్‌గా బోటులోనే ఉంచండి. ఇసుక తిన్నె తగిలి రెక్క విరిగితే అదే ఇంటికి చేరుస్తుంది. ఇంకో మాట. సరైన పిచ్ వేశాం కదా అని వరదలో అధికారులు వద్దన్నప్పుడు బోటు తియ్యకండి.

మా బోటుకి ఇప్పుడు 11 ఉంది. ఖాళీగా వెళ్ళేటప్పుడు పక్క బోటు కుర్రాళ్ళు దాటేసి ఈల వేస్తారు. మావయ్య పట్టించుకోడు. “మనుషుల్నెక్కించుకుని రమ్మనరా చూద్దాం” అంటాడు.