శుభ్రమైన ఇల్లు, స్థిమితమైన మనసు: సూరత్ అనుభవం

1994 సెప్టెంబరులో తాపీ నది వరద తీసిన తరువాత సూరత్ నగరపు పల్లపు బస్తీలలో బురద, చెత్త, పశువుల కళేబరాలు మిగిలాయి. అదే నెల మూడో వారంలో తీవ్రమైన జ్వరం, రక్తం పడే దగ్గుతో రోగులు ఆసుపత్రులకు రావడం మొదలైంది. అది ఊపిరితిత్తుల ప్లేగు అని ప్రకటించారు. నగరంలో యాభై మందికి పైగా మరణించారు. కొద్ది రోజుల్లోనే లక్షల మంది దొరికిన రైలో బస్సో పట్టుకొని ఊరు విడిచారు.

ప్లేగుకు కారణం యెర్సీనియా పెస్టిస్ అనే బాక్టీరియా. ఎలుకల ఒంటిని పట్టుకొని రక్తం పీల్చే చిన్న పురుగులు దీన్ని మనుషులకు అంటిస్తాయి. ఊపిరితిత్తులకు సోకితే దగ్గు తుంపరల ద్వారా మనిషి నుంచి మనిషికి పాకుతుంది. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ఇల్లు రోజుకు రెండుసార్లు ఊడ్చినా, ఆ చెత్త వేయడానికి చోటు లేకపోతే అది గుమ్మం పక్కనే పోగవుతుంది. ఎలుక అక్కడికే వస్తుంది. ఇంటి శుభ్రత ఇల్లాలి చీపురుతో మొదలై అక్కడే ముగిసేది కాదని సూరత్ చాలా ఖరీదు చెల్లించి తెలుసుకుంది.

1995 మేలో మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు నగరాన్ని ఆరు జోన్లుగా విభజించి, నిర్ణయాధికారం జోన్ అధికారులకే ఇచ్చారు. రోజూ కొంత సమయం అధికారులు కుర్చీ వదిలి వీధుల్లో ఉండాలన్నారు. రాత్రిపూట రోడ్లు ఊడ్పించారు, చెత్త పడేసేవారికి జరిమానాలు వేశారు, బస్తీలకు నీటి కుళాయిలు, మురుగు కాలువలు, మరుగుదొడ్లు చేర్చారు. 1996లో ఇన్‌టాక్ సంస్థ చండీగఢ్ తరువాత దేశంలో రెండో శుభ్రమైన నగరంగా సూరత్‌ను గుర్తించింది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇందోర్‌తో కలిసి మొదటి స్థానం పొందింది.

వీధి బాగుపడితే సరే, ఇంటి లోపలి సంగతేమిటి? మనిషి సంతోషానికీ, ఇంటి స్థితికీ సంబంధం ఉందని కొలిచి చెప్పగలమా?

నేల మారితే ఏం మారింది?

కొలిచిన సందర్భం ఒకటి మెక్సికోలో ఉంది. 2000లో అక్కడి కోవాహుయిలా రాష్ట్రం, మట్టి నేలలున్న పేద ఇళ్లకు సిమెంటు నేల వేయించే ‘పీసో ఫిర్మే’ (గట్టి నేల) పథకం ప్రారంభించింది. రాష్ట్ర సరిహద్దుకు ఒకవైపున్న టోరెయాన్ నగరానికి ఆ పథకం అందింది. దాన్ని ఆనుకొనే ఉన్నా, పక్క రాష్ట్రంలోని గోమెస్ పలాసియో, లెర్దో పట్టణాలకు అందలేదు. పరిశోధకులకు ఇంతకన్నా మంచి పోలిక దొరకదు. 2009లో వెలువడిన అధ్యయనం ప్రకారం, మట్టి నేల పూర్తిగా సిమెంటుగా మారితే చిన్నపిల్లల్లో పేగు పురుగులు 78 శాతం, విరేచనాలు 49 శాతం, రక్తహీనత 81 శాతం తగ్గుతాయని అంచనా.

కారణం సులభంగానే అర్థమవుతుంది. పురుగుల గుడ్లు మట్టిలో ఉంటాయి. నేల మీద పాకే పిల్లవాడు చెయ్యి నోట్లో పెట్టుకుంటాడు. పేగులో చేరిన కొన్ని పురుగులు రక్తాన్ని తాగుతాయి. పేడతో అలికిన నేల వేసవిలో చల్లగా ఉంటుందనేది నిజమే కాని, దాన్ని నీళ్లు పోసి కడగడం కుదరదు.

అసలు ఆశ్చర్యం తల్లుల విషయంలో. వారిలో జీవితం పట్ల తృప్తి 69 శాతం పెరిగింది. కుంగుబాటు సూచిక 52 శాతం, ఒత్తిడి సూచిక 45 శాతం తగ్గాయి. ఊడిస్తే శుభ్రపడే నేల ఉండటం, బిడ్డ మాటిమాటికీ జబ్బు పడకపోవడం మనసును తేలిక చేస్తాయనడానికి ఇంతకన్నా గట్టి ఆధారం అరుదు.

సర్దని ఇల్లు, తగ్గని ఒత్తిడి

అమెరికాలోని లాస్ ఏంజెలిస్‌లో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లలో జరిగిన మరో పరిశోధన 2010లో వెలువడింది. 60 మంది తమ ఇంటిని వీడియోలో చూపిస్తూ మాట్లాడారు. పరిశోధకులు వారి మాటలను విశ్లేషించి, లాలాజలంలో కార్టిసోల్ అనే హార్మోనును కొలిచారు. ఇది ఉదయం ఎక్కువగా ఉండి సాయంత్రానికి తగ్గాలి. ఇల్లు చిందరవందరగా ఉందనీ, పనులు సగంలో ఆగాయనీ ఎక్కువగా చెప్పిన భార్యల్లో ఆ తగ్గుదల మందకొడిగా ఉంది. భర్తల్లో అలాంటి సంబంధం స్పష్టంగా కనిపించలేదు.

దీన్నిబట్టి చిందరవందరే ఒత్తిడికి కారణమని తేల్చలేము. అలసిన మనిషికి ఇల్లు అలా కనిపించనూవచ్చు. అయితే, ఇల్లు సర్దుకుంటే ఆడవాళ్లు ఆనందంగా ఉంటారని దీన్ని చదవడం పొరపాటు. మిగిలిపోయిన పనంతా ఒక్కరి మీదే పడితే ఇల్లు విశ్రాంతినివ్వదు అని చదవడం సబబు.

ఒక్క గది, ఒక్క డ్రమ్ము

మరమగ్గాల పని కోసం తెలంగాణ జిల్లాల నుంచి సూరత్ వెళ్లి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్ వంటి ప్రాంతాల్లో ఉన్నాయి. అక్కడి మునిసిపల్ పాఠశాలల్లో తెలుగు మాధ్యమం కూడా ఉంది. మగ్గాల మీద పన్నెండు గంటల షిఫ్టు మామూలు. రాత్రి షిఫ్టు చేసినవారు పగలే నిద్రపోవాలి. నిద్ర పట్టాలంటే శరీరం లోపలి ఉష్ణోగ్రత కొంచెం దిగాలి. ఎండకు కాలిన రేకు ఆ వేడిని కిందికి ప్రసరిస్తూ దాన్ని దిగనివ్వదు. పైకప్పుకు తెల్ల సున్నమో, ఎండను తిప్పికొట్టే రంగో వేస్తే గది కొన్ని డిగ్రీలు చల్లబడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది ఇందుకే. ఇంటి నిర్వహణ అంటే బూజు దులపడమే అనుకునేవారు పైకప్పును మరిచిపోతారు. అద్దె ఇంట్లో అయితే ఆ ఖర్చు ఎవరిదనే ప్రశ్న కూడా వస్తుంది.

నీళ్ల డ్రమ్ము సంగతి మాత్రం ఇంటివారి చేతిలోనే ఉంది. కుళాయి కొద్ది గంటలే వచ్చే చోట నీళ్లు పట్టి ఉంచక తప్పదు. డెంగీని మోసే ఈడిస్ దోమకు మురుగు అక్కర్లేదు, డ్రమ్ములోని మంచినీళ్లే చాలు. ఆడ దోమ నీటి అంచుకు కాస్త పైన, డ్రమ్ము లోపలి గోడకు గుడ్లు అంటిస్తుంది. అవి ఎండిపోయి నెలల తరబడి ఉండి, మళ్లీ తడి తగిలితే పొదుగుతాయి. అందుకే నీళ్లు పారబోస్తే సరిపోదు, పీచుతో గోడ రుద్ది కడగాలి. వెచ్చని వాతావరణంలో గుడ్డు దోమగా మారడానికి సుమారు ఏడు నుంచి పది రోజులు పడుతుంది. వారానికొకసారి డ్రమ్ము రుద్ది, ఆరబెట్టి, మూత బిగిస్తే ఆ లెక్క దోమకు కుదరదు.