సాగే చొక్కాకు సాగని ఆసరా



ఇంటిపట్టున ఉండి నాలుగు డబ్బులు సంపాదించుకోవాలనుకునే స్త్రీకి కుట్టుమిషన్ ఇప్పించడం మనకు తెలిసిన మంచి సాయం. ఇప్పుడు కుట్టుమిషన్ పక్కన కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ కూడా చేరింది. జాకెట్లతో పాటు టీషర్టుల మీద పిల్లల పేర్లు, బడి గుర్తులు, కబడ్డీ జట్ల పేర్లు కుట్టి ఇమ్మని అడిగేవారు ఉంటారు. బుచ్చయ్యపేట, వడ్డాది, చోడవరం వైపు ఇళ్లలో కూర్చుని చేసుకోదగ్గ పని ఇది. కానీ చేతి కింద మంచి మిషన్ ఉన్నా టీషర్టు దగ్గరికి వచ్చేసరికి పని చెడుతుంది. గుడ్డ ముడతలు పడుతుంది, గుండ్రటి గుర్తు కోడిగుడ్డులా అవుతుంది, అక్షరాలు గుడ్డలోకి దిగిపోతాయి. చొక్కా తెచ్చిచ్చినవారిది కాబట్టి నష్టం కుట్టినామె మీదే పడుతుంది. అందుకు కారణం చాలాసార్లు మిషన్ కాదు, గుడ్డ అడుగున వేసే పొర.

స్టెబిలైజర్ అంటే ఏమిటి?

ఫ్రిజ్‌కు పెట్టే కరెంటు స్టెబిలైజర్ కాదు. ఎంబ్రాయిడరీ చేసేటప్పుడు గుడ్డ కదలకుండా, సాగకుండా అడుగున ఆసరాగా వేసే పొరను స్టెబిలైజర్ అంటారు. బ్యాకింగ్ అని, నాన్ వోవెన్ అని, ఎంబ్రాయిడరీ పేపర్ అని కూడా పిలుస్తారు. ఛాతీ మీద వేసే చిన్న గుర్తుకే 5,000 నుంచి 10,000 దాకా కుట్లు పడతాయి. ప్రతి కుట్టూ గుడ్డను కొద్దిగా లోపలికి లాగుతుంది. ఆ లాగుడును గుడ్డ ఒక్కటే భరించలేదు.

నేత గుడ్డ, అల్లిక గుడ్డ

చీర, పాప్లిన్, పట్టు నేత గుడ్డలు. నిలువు పోగులు, అడ్డ పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. టీషర్టు గుడ్డ అలా కాదు. అది దారపు ఉచ్చులతో అల్లినది. మనం బనియన్ క్లాత్, హోజరీ అంటాం. లాగితే ఉచ్చులు విచ్చుకుంటాయి, వదిలితే దగ్గరవుతాయి. సాధారణంగా పొడవు కన్నా వెడల్పులో ఎక్కువ సాగుతుంది.

జరీ పని నేర్చినవారు ఇక్కడ ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. జర్దోజీ పనికి వాడే చెక్క చట్రాన్ని కార్చోబ్ అంటారు. అందులో గుడ్డను నాలుగు వైపులా బిగదీస్తేనే పని బాగా వస్తుంది. ఆ అలవాటుతో టీషర్టును రింగులో బిగదీస్తే, ఉచ్చులు విచ్చుకుని ఉన్నప్పుడే కుట్లు పడిపోతాయి. రింగు తీయగానే గుడ్డ తన కొలతకు తిరిగి వస్తుంది, కుట్లు రావు. ముడతలు పుట్టేది అక్కడే.

ఏ రకం, ఎప్పుడు?

చింపే రకం: కుట్టడం అయ్యాక చుట్టూ చింపి తీసేస్తారు. నేత గుడ్డకు బాగా పనికొస్తుంది. టీషర్టుకు పనికిరాదు. సూది పోట్లకు అది కుట్టేటప్పుడే చిల్లులు పడి బలం తగ్గుతుంది. మిగిలింది ఉతుకుల్లో పోతుంది. ఆ తర్వాత సాగే గుడ్డ మీద కుట్లకు ఆసరా ఉండదు.

కత్తిరించే రకం: చింపితే చిరగదు. డిజైన్ చుట్టూ కత్తెరతో కత్తిరించి, కుట్ల వెనక భాగాన్ని అలాగే ఉంచేస్తారు. చొక్కా ఉన్నంతకాలం అది లోపలే ఉండి కుట్లను కాపాడుతుంది. బనియన్ క్లాత్‌కు సరైనది ఇదే.

మెష్ రకం: కత్తిరించే రకంలోనే పలుచనిది, మెత్తనిది. తెల్లని, లేతరంగు చొక్కాలకు మంచిది. దళసరి బ్యాకింగ్ వేస్తే చొక్కా మీద చదరంగా నీడ కనిపిస్తుంది. మెష్ చేత్తో లాగి చూస్తే ఒకవైపు కొంచెం సాగవచ్చు. అప్పుడు రెండు ముక్కలను నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి వేయాలి.

నీళ్లలో కరిగే పొర: ఇది పైన వేసేది. కాలరున్న పోలో టీషర్టు గుడ్డలో చిన్నచిన్న గుంతలు ఉంటాయి. పైన ఈ పొర వేసి కుడితే అక్షరాలు గుంతల్లోకి దిగవు. అయితే అడుగు పొరకు ఇది బదులు కాదు. మన కోస్తా తేమకు ఇది మెత్తబడి అతుక్కుంటుంది, కాబట్టి గాలి చొరని కవరులో దాచాలి.

పేపరు దుకాణం దూరమని పాత వార్తాపత్రిక వేస్తే సిరా అంటుతుంది, చిరుగుతుంది. కాలరు బక్రం వేస్తే ఛాతీ మీద అట్టముక్కలా గుచ్చుకుంటుంది. మరీ అవసరమైతే చిన్న డిజైనుకు, ముందే తడిపి ఆరబెట్టి ఇస్త్రీ చేసిన సాగని పాప్లిన్ ముక్క వేసుకోవచ్చు. తడపకుండా వేస్తే తర్వాత అది కుదించుకుపోయి చొక్కాను లాగుతుంది.

పని చేసే వరుస

1. చొక్కాను ముందు ఒకసారి ఉతికి ఆరబెట్టాలి. కుదింపు ఉంటే అప్పుడే బయటపడుతుంది.

2. బ్యాకింగ్‌ను రింగు కన్నా అన్ని వైపులా సుమారు 3 సెంటీమీటర్లు ఎక్కువ ఉండేలా కత్తిరించాలి.

3. బ్యాకింగ్ ఒక్కదాన్నే రింగులో డప్పులా బిగించాలి. తాత్కాలికంగా అంటే జిగురు కొద్దిగా చల్లి, చొక్కాను దాని మీద లాగకుండా పరిచి చేత్తో సర్దాలి. చుట్టూ ఒక వరుస పొడుగు కుట్టు వేస్తే జరగదు. ఇస్త్రీతో అంటుకునే రకమైతే ముందు అంటించి, రెండింటినీ కలిపి రింగులో పెట్టవచ్చు. ఆటల జెర్సీలకు ఇస్త్రీ వేడి ఎక్కువైతే గుడ్డ మెరుపు ఎక్కుతుంది, కరగవచ్చు కూడా. పైన పలుచని గుడ్డ వేసి, ముందు ఒక మూల చూసుకోవాలి.

4. మొన గుండ్రంగా ఉండే బాల్ పాయింట్ సూది, 75/11 సైజు వాడాలి. పదునైన సూది ఉచ్చులను తెంపితే, అక్కడ చిల్లు పడి ఉతికేకొద్దీ పెద్దదవుతుంది.

5. డిజైన్ తేలికగా ఉండాలి. పలుచని టీషర్టు మీద నిండుగా కుట్లు నింపిన పెద్ద బొమ్మ వేస్తే ఎంత మంచి బ్యాకింగ్ అయినా ఆపలేదు. పంచింగ్ చేసేవారికి ఇది బనియన్ క్లాత్ మీదకని ముందే చెప్పాలి.

6. అయ్యాక వెనక బ్యాకింగ్‌ను పైకెత్తి, కుట్ల నుంచి సుమారు ఒక సెంటీమీటరు వదిలి, మూలలు గుండ్రంగా కత్తిరించాలి. చంటిపిల్లల బట్టలకైతే వెనక మెత్తని ఫ్యూజింగ్ ముక్క అంటిస్తే ఒంటికి గీసుకోదు.

7. ఆర్డరు ఎంత పెద్దదైనా మొదట అదే రకం గుడ్డ ముక్క మీద కుట్టి, రెండు మూడు సార్లు ఉతికి చూడాలి. ఉతుకు చూడకుండా యాభై చొక్కాలు మొదలుపెట్టకూడదు.

ఈ నేర్పు ఎందుకు అవసరం?

మన అనకాపల్లి జిల్లాలోనే అచ్యుతాపురం దగ్గర బ్రాండిక్స్ దుస్తుల తయారీ కేంద్రంలో వేలమంది స్త్రీలు పనిచేస్తున్నారు. తమిళనాడులోని తిరుప్పూరు బనియన్ దుస్తులకు దేశమంతటా పేరున్న ఊరు. అంత పెద్ద పనిచోట్ల ఏ గుడ్డకు ఏ సూది, ఏ పొర అన్నది చెప్పడానికి మనుషులు ఉంటారు. ఇంట్లో ఒంటరిగా మిషన్ ముందు కూర్చున్న ఆమెకు అది తానే తెలిసి ఉండాలి. బయటికెళ్లి పనిచేయలేని తల్లికి, భర్త లేని చెల్లెలికి మొదటి ఆర్డరు చెడిపోతే రెండోది రాదు. తర్వాత మిషన్ మీద దుప్పటి కప్పి పక్కన పెడతారు.

దాతలకు విన్నపం

మిషన్ ఇచ్చేటప్పుడు ఫొటోలో మిషనే కనిపిస్తుంది, బ్యాకింగ్ కనిపించదు. అందుకే అది సాయం జాబితాలోంచి జారిపోతుంది. కానీ లెక్క చూడండి. 10 సెంటీమీటర్ల చదరపు రింగుకు 16 సెంటీమీటర్ల ముక్క చాలు. మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉన్న బ్యాకింగ్‌లో అలాంటివి 36 వస్తాయి. అంటే ఒక్క మీటరు 36 చొక్కాలను కాపాడుతుంది.

ఇకపై ఎంబ్రాయిడరీ మిషన్ ఇప్పించాలనుకునేవారు దానితో పాటు ఇవి కూడా ఇవ్వండి: కత్తిరించే రకం బ్యాకింగ్ కొన్ని మీటర్లు, మెష్ కొంత, నీళ్లలో కరిగే పొర ఒక చుట్ట, బాల్ పాయింట్ సూదులు, మొన వంగిన చిన్న కత్తెర, పాడైనా ఫరవాలేని పాత టీషర్టులు ఒక పది. పని తెలిసినవారి దగ్గర రెండు మూడు రోజులు కూర్చునే ఏర్పాటు కూడా చేయండి. మిషన్ ఇవ్వలేనివారు ఈ సామాను ఇచ్చినా చాలు. ఇప్పటికే ఏదో ఒక ఇంట్లో దుప్పటి కింద ఉన్న మిషన్ మళ్లీ నడవడానికి అది సరిపోవచ్చు.